తొంభై ఏడు శాతం

తొంభై ఏడు దగ్గర ఆగింది, మళ్ళీ.
రైటరు నాలుక బయటపెట్టి
వేడివేడిగా ఒక పళ్ళాన్ని నా చేతికిచ్చింది.
పొద్దుటి నుంచి ఇది పదకొండోది.

అరండల్‌పేట నాలుగో లైను, మెట్ల కింద గది.
మే నెల. యార్డు మీంచి గాలి మళ్ళితే
గల్లా పెట్టె కూడా తుమ్ముతుంది.

ఏం చెయ్యలేదని?
కేబులు మార్చాను.
దూది స్పిరిట్లో అద్ది కటకం కన్ను తుడిచాను.
యాభై రెండు వేగాన్ని పదహారుకి దించాను,
పదహారుని ఎనిమిదికి,
మారాం చేసే పిల్లాడికి ముద్ద చిన్నది చేసినట్టు.
వైరస్ కాపలావాణ్ణి కాసేపు పడుకోమన్నాను.
కరెంటోళ్ళని తిట్టాను, అది రోజూ ఉన్నదే.

స్టూలు మీద బాజీ సాహెబ్ గారు
సంచి ఒళ్ళో పెట్టుకుని కూచునే ఉన్నారు.
సన్నాయి ఆయనది, ఊరు చిలకలూరిపేట అవతల.
తెచ్చింది ఒక్కటే క్యాసెట్టు:
పోయిన అన్నగారి తోడి, ఎవరిదో పెళ్ళిలో.
రాగం మంచి పట్టులో ఉండగా
వెనకనుంచి ఒకాయన "సాంబారు, సాంబారు" అంటాడు.
అదీ ఉంచమన్నారు.
శిష్యులు పదిమంది, పది కాపీలు.

"డ్రైవు ముసలిదైపోయిందండీ" అన్నాను.
దీపావళికి కొన్న డ్రైవు.

నిజం బల్ల కింద ఉంది:
బెజవాడ వన్‌టౌన్‌లో సందులోపల సందులో
బేరమాడి తెచ్చిన వంద డిస్కుల కడ్డీ.
ఒక్కోటి ఆరు రూపాయలు.
కంపెనీ పేరులో ఒక అక్షరం తక్కువ.
తెలిసే కొన్నాను.

ఆయన చెయ్యి చాపి ఆ పదకొండోదాన్ని తీసుకుని
ట్యూబ్‌లైటుకి ఎదురు పట్టారు.
"ఇందులోంచి వెలుగు కారతందే, బాబూ."
చూశాను. సూదితో పొడిచినట్టు చిల్లులు,
అంచు దగ్గర రంగు అద్దకం సగంలో మానేసిన చీర.

"జీవాళి మేమూ ఇట్టాగే చూస్తాం" అన్నారు.
"పది కోస్తే రెండు పలుకుతాయి.
పలకందాన్ని విరిచి పారేస్తాం, దాంతో పేచీ లేదు.
పేచీ అంతా సగం పలికేదాంతోనే.
ఇంట్లో బానే ఉంటది. పందిట్లో
తాళి ఎత్తేవేళకి గొంతు మూస్తది."

నేను మాట్లాడలేదు.
చెడిపోయిన పదకొండూ నిజాయితీగా చెడిపోయాయి.
పని పూర్తయిందని కంప్యూటరు చెబితే
గుడ్డతో తుడిచి, కవరులో పెట్టి,
యాభై తీసుకుని నవ్వుతూ ఇచ్చినవి ఎన్ని?
మా అక్క కూతురి ఓణీల ఫంక్షను ఈ కడ్డీ లోదే.

నాజ్ సెంటరు దాకా సైకిలు తొక్కాను.
డిస్కు ఇరవై రెండు, నా జేబులోంచి.
ఎనిమిది వేగం. కాపీకొక తనిఖీ.
తనిఖీ మీదా నమ్మకం లేక
ప్రతిదాన్నీ మొదట్నుంచి చివరిదాకా విన్నాను.
ఆరోదానికి కరెంటు పోయింది; యూపీఎస్ మూలిగి చచ్చింది.
అది విరిచాను. ఆయన తలాడించారు.
ఎదుటి బడ్డీలో రెండు టీలు తాగి మళ్ళీ మొదలుపెట్టాం.
పదిసార్లు తోడి. పదిసార్లు సాంబారు.
పదోసారికి ఆకలేసింది ఇద్దరికీ.

ఆఖరి బస్సుకి ఆయన వెళ్ళిపోయారు,
డిస్కులు రుమాల్లో చుట్టి, సన్నాయి పక్కన.

షట్టరు సగం దించి రిజిస్టరు తీశాను.
ఏప్రిల్ మూడు, పోలీసు క్వార్టర్స్ షణ్ముఖం గారు,
రిటైర్మెంటు సభ, రెండు కాపీలు.
పేరు పక్కన ఫోను నంబరు, అందులో ఏడో ఒకటో తెలీదు.
ఏడు అనుకుని నొక్కాను.
ఎవరో ఎత్తారు.

"అండీ, డిస్కుల కొట్టు నుంచి.
మీ దాంట్లో చివరి పాట...
చివరిదాకా వస్తోందా?"